చిరునామా ఒకచోట, మనిషి మరోచోట

"కొవిడ్ వంటి మహమ్మారి తరువాత మన ప్రభుత్వ విధానాల ముందున్న అతి పెద్ద సవాలు ఏది? దాన్ని ఎక్కడ మొదలుపెట్టి సరిదిద్దాలి?" అని అడిగారు. ప్రభుత్వ పాలన చదువుతున్నానని, దీని మీద పరిశోధన వ్యాసం రాయాలని కూడా చెప్పారు. నేను రెవెన్యూ శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పౌర సరఫరాల విభాగంలోనే గడిచింది. 2020లో హైదరాబాదు శివార్లలోని ఒక మండలంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను. కాబట్టి నా సమాధానం బియ్యం బస్తాల వైపు నుంచి వస్తుంది.

ఆసుపత్రులు, ఆక్సిజన్, వైద్యానికి పెట్టే ఖర్చు గురించి మీకు చాలామంది చెబుతారు. వారు చెప్పేది నిజమే. 2025 నాటికి ఆరోగ్యం మీద ప్రభుత్వ వ్యయాన్ని స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచాలని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది. రెండో వేవ్ వచ్చిన 2021-22లో కూడా అది 1.84 శాతం దగ్గరే ఉంది. ఆ విషయంలో నేను కొత్తగా చెప్పగలిగింది లేదు.

నేను దగ్గరగా చూసిన సవాలు వేరు. మన ప్రభుత్వం మనిషిని చిరునామాతో గుర్తుపడుతుంది. రేషన్ కార్డు, ఓటు, అంగన్‌వాడీ, పింఛను అన్నీ ఒక ఊరికి, ఒక ఇంటికి కట్టి ఉంటాయి. చిరునామా ఒకచోట ఉండి మనిషి మరోచోట ఉంటే, అతను రెండు చోట్లా లేనట్టే. మామూలు రోజుల్లో అతను తన కష్టంతో ఎలాగో నెట్టుకొస్తాడు కాబట్టి ఈ లోపం ఎవరికీ కనిపించదు. పని ఆగిన రోజున ఒక్కసారిగా బయటపడుతుంది.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు లాక్‌డౌన్ ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి అమలు. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. ఊరికి వెళ్లే బస్సు పట్టుకోవడానికి కాదు కదా, మేస్త్రీ దగ్గర వారం కూలి వసూలు చేసుకోవడానికి కూడా ఆ సమయం చాలదు. వైరస్ వ్యాప్తిని ఆపాలన్న ఆత్రుత నాకు అర్థమవుతుంది. అయినా కోట్లాది మంది ఇంటికి దూరంగా ఉన్న దేశంలో నాలుగు గంటల వ్యవధి ఇవ్వడం తప్పని నేను ఆనాడే అనుకున్నాను, ఈనాడూ అదే అంటాను.

ఆ నెల చివర్లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రంలో చిక్కుకుపోయిన వలస కార్మికులకు తలకు 12 కిలోల బియ్యం లేదా గోధుమ పిండి, 500 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. మంచి నిర్ణయం. కార్డు అడగకుండా ఇవ్వమన్నారు, అది ఇంకా మంచి విషయం. గోదాములో సరుకు ఉంది. మాకు లేనిది ఒక్కటే, ఎవరికి ఇవ్వాలో చెప్పే జాబితా.

నిజానికి ఆ జాబితా చట్టప్రకారం ఎప్పటి నుంచో ఉండాలి. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మందిని మరో రాష్ట్రం నుంచి తెచ్చే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, వారి వివరాలు రిజిస్టరులో రాయాలి, ప్రయాణ భత్యం ఇవ్వాలి. నలభై ఏళ్లుగా ఉన్న చట్టం అది. మా మండలంలో ఇటుక బట్టీలు డజనుకు పైగా ఉండేవి. ఒక్క బట్టీలో కూడా అలాంటి రిజిస్టరు నాకు దొరకలేదు. (ఆ చట్టాన్ని 2020లో వృత్తి భద్రత స్మృతిలో కలిపేశారు. అందులో ఈ పరిమితిని పది మందికి పెంచారు.)

మొదటి జాబితా సంబంధిత కార్యాలయం నుంచి వచ్చింది. ఒక్క కాగితం. రెండోది పోలీసు స్టేషను నుంచి వచ్చింది. అందులో మేస్త్రీల పేర్లు ఉన్నాయి, వారి కింద ఉన్న మనుషుల పేర్లు లేవు. రెండింటికీ పొంతన కుదరలేదు. అప్పుడు మేమే బయలుదేరాం. ఇద్దరు వీఆర్వోలు, ఒక ఆశా కార్యకర్త, ఒక అంగన్‌వాడీ టీచరు, నేను. బట్టీ బట్టీకీ, కట్టుబడి జరుగుతున్న ప్రతి భవనానికీ, కోళ్ల ఫారాలకు, రైసు మిల్లుల వెనుక ఉన్న రేకుల షెడ్లకు వెళ్లాం. వారం తిరిగేసరికి ఒక్క కాగితం కాస్తా నిండు నోటు పుస్తకం అయింది.

ఎందుకంత తేడా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసానికి పనికివచ్చేది అదే. బట్టీ యజమాని అసలు సంఖ్య చెప్పడు, చెబితే లైసెన్సు ఎక్కడని అడుగుతారని భయం. చిన్న పిల్లలు పనిలో ఉంటే అసలు నోరు విప్పడు. కూలీలు కూడా చెప్పరు. పోలీసు జీపు వెంట వచ్చిందంటే క్వారంటైనుకు పట్టుకుపోతారేమోనని షెడ్డు వెనక్కి వెళ్లిపోతారు. అంగన్‌వాడీ టీచరు ముందు నడిచి, "పిల్లలు ఎంతమంది? బియ్యం ఇస్తారు" అని అడిగినచోట మాత్రం తలుపులు తెరుచుకున్నాయి. మేము పోలీసులను బట్టీ గేటు దగ్గరే ఆగమన్నది రెండో రోజు నుంచి. లెక్క పెరిగింది కూడా అప్పటి నుంచే.

అక్కడ ఒక ఒడియా ఆమె తన రేషన్ కార్డు తీసి చూపించింది. బలాంగీర్ జిల్లా కార్డు. ప్లాస్టిక్ కవరులో భద్రంగా చుట్టి, ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. కార్డులో ఐదుగురు ఉన్నారు. ఐదుగురికీ జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం నెలకు ఐదేసి కిలోలు రావాలి. ఆ కార్డు మా రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ యంత్రంలో పనిచేయలేదు. ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో సరుకు తీసుకునే వీలును, అంటే రాష్ట్రాంతర పోర్టబిలిటీని, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు గుజరాత్, మహారాష్ట్రలతో పాటు దేశంలో అందరికంటే ముందు, 2019 ఆగస్టులోనే మొదలుపెట్టాయి. కర్నూలు కార్డుతో హైదరాబాదులో, ఖమ్మం కార్డుతో విజయవాడలో బియ్యం తీసుకోవచ్చు. కానీ ఒడిశా అందులో చేరింది 2020 జూన్ 1న. ఏప్రిల్‌లో ఆమె చేతిలో ఉన్నది చట్టం ఇచ్చిన హక్కే, అది పనిచేసే ఊరు మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

మన తెలుగువారి పరిస్థితీ అంతే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయారు. ఏప్రిల్ చివర్లో ప్రత్యేక బస్సులు పెట్టి నాలుగు వేల మందికి పైగా వెనక్కి తీసుకువచ్చారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లినవారు సొంత రాష్ట్రంలోనే పొలాల్లో ఆగిపోయారు. ములుగు, భద్రాద్రి ప్రాంతాల్లో మిరప ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసులు అడవి దారుల్లో నడిచి వెళ్లారు. దారిలోనే ప్రాణాలు విడిచినవారూ ఉన్నారు, పిల్లలతో సహా. వలస కార్మికులను ఇళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. లాక్‌డౌన్ మొదలైన 37 రోజుల తరువాత. ఆ తరువాత అలాంటి రైళ్లలో దేశమంతటా 63 లక్షల మందికి పైగా ఇళ్లకు చేరారు. దారిలో ఎంతమంది చనిపోయారని పార్లమెంటులో అడిగితే, తమ దగ్గర అలాంటి సమాచారం లేదని కేంద్ర కార్మిక శాఖ 2020 సెప్టెంబరులో జవాబిచ్చింది.

తిండి గింజల కొరత వల్ల ఇదంతా జరిగిందనుకోకండి. 2020 ఏప్రిల్ నాటికి భారత ఆహార సంస్థ దగ్గర ఉన్న బియ్యం, గోధుమలు ఉండవలసిన బఫర్ నిల్వకు రెట్టింపు కంటే ఎక్కువ. కార్డు ఉన్న 80 కోట్ల మందికి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద తలకు ఐదు కిలోలు అదనంగా ఇవ్వగలిగాం. మధ్యలో కొన్ని నెలలు ఆగినా, 2022 డిసెంబరు వరకు మొత్తం 28 నెలలు ఇచ్చాం. ఇది చిన్న విషయం కాదు. ఎన్నో దేశాలు చేయలేని పని. కార్డు ఉండి ఇంట్లో ఉన్నవాడిని మన రేషన్ వ్యవస్థ ఆ రెండేళ్లు నిజంగా కాపాడింది. నా సహోద్యోగులు, డీలర్లు జ్వరాలతో పనిచేసి మరీ ఆ బియ్యం తూచారు. కొందరు తిరిగి రాలేదు.

కార్డు లేనివారి కోసం మే నెలలో ఆత్మనిర్భర్ పథకం కింద ఎనిమిది కోట్ల మందికి రెండు నెలల తిండి గింజలు కేటాయించారు. ఎనిమిది లక్షల టన్నులు. రాష్ట్రాలు అందులో ఎక్కువ భాగం గోదాముల నుంచి తీసుకున్నాయి కానీ, లక్ష్యంలో సగం మందికి కూడా అది చేరలేదు. ఆలస్యం ఒక కారణం, అప్పటికే చాలామంది నడిచో, లారీలెక్కో వెళ్లిపోయారు. అయితే ఉన్నవారికి కూడా చేరకపోవడానికి కారణం మళ్లీ జాబితానే. ఎనిమిది కోట్లు అన్న సంఖ్య ఢిల్లీలో అంచనాగా పుట్టింది. దాని వెనుక పేర్లు లేవు.

ఇప్పుడు ఆరేళ్ల తరువాత ఏం మారిందని మీరు అడగవచ్చు. కొంత మారింది. "ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు" ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లో ఉంది. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ దాన్ని అమలు చేయించింది. ఆ ఒడియా ఆమె ఈరోజు అదే కార్డు నంబరు చెబితే మా దుకాణంలో యంత్రం గుర్తుపడుతుంది. కానీ ఆమె బియ్యం ఇంటికి తీసుకువెళ్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ రెండు చిన్న ఆటంకాలు ఉన్నాయి, కాగితాల మీద కనిపించనివి. నెలల తరబడి మట్టి, ఇసుక కలిపి ఇటుక అచ్చు వేసే చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి, యంత్రం నాలుగైదు సార్లు తిరస్కరిస్తుంది. రెండోది కేటాయింపు. రేషన్ దుకాణానికి వచ్చే సరుకు గత నెలల అమ్మకాన్ని, మిగిలిన నిల్వను బట్టి వస్తుంది. డిసెంబరులో కొత్తగా రెండు వందల మంది బట్టీలకు వస్తే, ఆ నెల డీలరు దగ్గర వారికి సరిపడా సరుకు ఉండదు. ఊళ్లో కార్డుదారులు ముందే వచ్చి నిలదీస్తారు. డీలరు ఏం చేస్తాడు? "మీ కార్డు మా షాపుది కాదు" అని పంపేస్తాడు. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు. పోర్టబిలిటీ మీద జరుగుతున్న లావాదేవీల్లో అత్యధికం ఒకే రాష్ట్రం లోపలివే కావడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయని నా అభిప్రాయం.

అసలు కార్డే లేనివారి సంగతి ఇంకా కష్టం. 2013 నాటి ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు వర్తిస్తుంది. ఆ శాతాన్ని 2011 జనాభా లెక్కలతో గుణించి 81.35 కోట్ల దగ్గర గీత గీశారు. 2021లో జరగవలసిన జనగణన మహమ్మారి వల్ల వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీకి చేరింది. ఈలోగా జనాభా 140 కోట్లు దాటింది. అదే నిష్పత్తి వేసి చూడండి, పన్నెండు కోట్ల మందికి పైగా బయట ఉన్నారు. కొత్తగా పెళ్లైనవారు, వేరు కాపురం పెట్టినవారు, ఆ తరువాత పుట్టిన పిల్లలు. దరఖాస్తు పట్టుకుని వచ్చేవారికి "కోటా లేదు" అని చెప్పడం నా ఉద్యోగంలో అతి బాధాకరమైన పని. ఒక రోగం వల్ల ఒక లెక్క ఆగింది, లెక్క ఆగినందువల్ల రోగం తగ్గాక కూడా అన్నం అందలేదు. మహమ్మారి తరువాతి విధానాల గురించి మాట్లాడేవారు ఈ గొలుసును ఎందుకు పట్టించుకోరో నాకు తెలియదు.

2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. అసంఘటిత కార్మికులు 30 కోట్ల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. పన్నెండు అంకెల నంబరు వచ్చింది. నంబరుతో ఏమి వస్తుందన్నది మాత్రం తేలలేదు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి నమోదైనవారిలో దాదాపు ఎనిమిది కోట్ల మందికి రేషన్ కార్డు లేదు. మూడు నెలల్లో ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో మళ్లీ రెండు నెలల గడువు పెట్టవలసి వచ్చింది. ఆహార చట్టం కోటాతో ముడిపెట్టకుండా ఇవ్వమని కూడా చెప్పింది. మన దగ్గర ఎనిమిది కోట్ల పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. 2020లో మాకు లేనిది ఇప్పుడు ఉంది. అయినా బియ్యానికి, ఆ పేరుకు మధ్య గోడ అలాగే ఉంది.

మరణాల లెక్క గురించి కూడా కొంచెం చెప్పాలి, ఇదీ అదే జబ్బు. 2019లో దేశంలో నమోదైన మరణాలు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరుగుదల ఉంటుంది, అంతా కొవిడ్ అనడం సరికాదు. అయినా ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరగడం, ఆ ఏడాది అధికారిక కొవిడ్ మరణాలు మూడు లక్షల పైచిలుకు కావడం పక్కపక్కన పెట్టి చూడండి. 2021 నివేదిక బయటికి వచ్చింది 2025 మేలో. నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నాలుగింట ఒక వంతు కంటే తక్కువ. ఇక సుప్రీంకోర్టు చెప్పాక ఇచ్చిన 50 వేల రూపాయల పరిహారం కోసం పరీక్షలోనో, వైద్యుల నిర్ధారణలోనో కొవిడ్ అని తేలిన 30 రోజుల లోపు మరణించినట్టు కాగితం చూపాల్సి వచ్చేది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. మా మండలంలో చనిపోయిన ఒక కూలీ భార్య అప్పటికే పిల్లలతో సొంత ఊరికి వెళ్లిపోయింది. ధ్రువపత్రం ఇక్కడ పంచాయతీ కార్యాలయంలోనే ఉండిపోయింది. పరీక్ష చేయించిన కాగితం ఎక్కడా లేదు. ఆమెకు ఫోను చేసి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ రెండో ప్రశ్న. నన్నడిగితే డిసెంబరులో మొదలుపెట్టాలి, గ్రామ పంచాయతీలో. ఒడిశా పశ్చిమ జిల్లాల వారు కొత్త పంట పండుగ నువాఖాయి తరువాత అడ్వాన్సులు తీసుకుని, కోతలయ్యాక వచ్చి జూన్ వానల దాకా ఉంటారు. ఏటా అదే నెల, దాదాపు అవే బట్టీలు. మిరపకోతకు వచ్చేవారి నెలలూ మనకు తెలుసు. వచ్చేది తెలిసి కూడా ఎదురుచూడకపోవడం మన అలసత్వమే. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త కలిసి ఒక్కసారి తిరిగి ఒక రిజిస్టరు రాయాలి. ఎంతమంది, ఏ జిల్లా, కార్డు ఉందా, పిల్లలు ఎంతమంది, గర్భిణులు ఎవరు. ఆ లెక్క మండల గోదాముకు వెళ్లి, దగ్గరి దుకాణానికి జనవరి నుంచే అదనపు సరుకు రావాలి. డీలరుకు అదనంగా తూచిన ప్రతి క్వింటాలుకూ కమీషన్ వస్తుంది కాబట్టి సరుకు ఉంటే అతను కాదనడు. తెలంగాణలో బట్టీల దగ్గర పిల్లలకు ఒడియా మాధ్యమంలో పని ప్రదేశ పాఠశాలలు నడిపిన అనుభవం ఇప్పటికే ఉంది. అంటే పిల్లల కోసం ఒకసారి లెక్కించగలిగాం. పెద్దల కోసం కూడా లెక్కించగలం.

ఈ రిజిస్టరు పోలీసులకు వెళ్లకూడదు. ఈ మాట చాలామంది అధికారులకు నచ్చదు, నా పైవారికీ నచ్చలేదు. బట్టీల్లో చట్ట ఉల్లంఘనలు, వెట్టి, బాల కార్మికులు ఉన్నారు, వాటి మీద చర్య ఉండాల్సిందే. కానీ దానికి వేరే తనిఖీ, వేరే అధికారి ఉండాలి. బియ్యం జాబితానే కేసుల జాబితా అయితే మరుసటి ఏడాది ఒక్క షెడ్డు తలుపు కూడా తెరుచుకోదు. 2020లో నేను చూసింది అదే.

రెండో సంగతి చట్టంలో రాసుకోవాలి. విపత్తు ప్రకటించిన మరుక్షణం నుంచి మూడు నెలల పాటు, కార్డు లేని ఎవరికైనా పేరు రాసుకుని, సంతకమో వేలిముద్రో తీసుకుని బియ్యం ఇవ్వాలి. పరిశీలన తరువాత చేసుకోవచ్చు. దొంగ పేర్లు వస్తాయని అంటారు. వస్తాయి. మా నోటు పుస్తకంలోనూ ఒకే మనిషి రెండు చోట్ల నమోదైన పేర్లు దొరికాయి. వాటి వల్ల పోయినవి కొన్ని బస్తాలు. ఆ కొన్ని బస్తాల భయంతో పరిశీలన ముందు పెట్టి ఉంటే బట్టీల్లో ఎంతమంది పస్తులుండేవారో నాకు కళ్లారా తెలుసు.

మీరు క్షేత్ర పరిశీలనకు వెళ్లాలనుకుంటే సంక్రాంతి దాటాక వెళ్లండి, అప్పటికి బట్టీలు నిండుతాయి. పొద్దు వాలాక, వంట మొదలయ్యే సమయంలో వెళ్లండి. అచ్చు పని తెల్లవారుజామున చేస్తారు, మధ్యాహ్నం పడుకుంటారు. ఒడియా మాట్లాడే మనిషి వెంట ఉండాలి. "ఎంతమంది కూలీలు?" అని అడిగితే తక్కువ చెబుతారు. "ఎన్ని పథురియాలు?" అని అడగండి. భార్య, భర్త, వారికి సాయంగా మరొకరు కలిస్తే ఒక పథురియా, అడ్వాన్సు కూడా ఆ లెక్కనే ఇస్తారు కాబట్టి ఆ సంఖ్య మేస్త్రీ నోట సరిగ్గా వస్తుంది. పేర్లు రాసుకోవద్దు. పథురియాలు, పిల్లలు, కార్డులు, ఆ నెలలో బియ్యం తీసుకున్నవారు, ఈ నాలుగు అంకెలు చాలు. తరువాత అదే ఊరి రేషన్ దుకాణానికి వెళ్లి నవంబరు, జనవరి నెలల కేటాయింపు అడిగి తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడ రాయండి. ఆ దుకాణానికి ఎన్ని క్వింటాళ్లు తక్కువ పడుతున్నాయో కలిసి లెక్క వేద్దాం.